ఊరు ఖాళీ చేయించిన చేపనూనె

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. నా నోటి ధర్మమా అని ఒక పొద్దున ఊరికి ఊరే లేకుండా పోయింది. తుఫాను వచ్చి కాదు, గోదావరి పొంగి కాదు. ఆరోగ్యం గురించి నేను నాలుగు మంచి ముక్కలు చెప్పాను, అంతే. చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది. ముగించేసరికి ఒక మేక మిగిలింది, అదీ కట్టేసి ఉండబట్టి. ఆ పూటే నేనూ మా బావా పోలీసు జీపెక్కాం. ఎందుకెక్కామో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. సెల్లుఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. మాది తిరుమలాయపాలెం. నేను బీయెస్సీ పాసయ్యానంటే అబద్ధం, బీయెస్సీలో చేరానంటే నిజం. తక్కిన సబ్జెక్టులన్నీ నన్ను వదిలేసినా కెమిస్ట్రీ మాత్రం నా మీద ప్రేమ చంపుకోలేక ఏడాదికోసారి రమ్మని పిలుస్తుండేది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నాన్న చూపులు భరించలేక, ఖమ్మంలో ఆయనకు తెలిసిన యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. యూసుఫ్ భాయ్‌ది తాతల నాటి అత్తరు, సుర్మా దుకాణం. కాలం మారిందని ఆయన కొత్తగా చేపనూనె గోలీల ఏజెన్సీ తీసుకున్నాడు. ఊళ్ళు తిరిగి అమ్మడానికి ఇంగ్లీషు పలకగలిగిన మనిషి కావాలన్నాడు. పలకడం నాకు వచ్చు. అర్థం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఒక చిన్నమాట. మా వైపు దవాఖానాలో ఇచ్చే మందుబిళ్ళను గోలీ అంటాం. తుపాకిలోంచి వచ్చేదాన్నీ గోలీ అనే అంటాం. ఖమ్మం బజార్లో ఈ రెండింటికీ ఎప్పుడూ తగాదా రాలేదు. అందుకని నేనూ ఆ సంగతి పట్టించుకోలేదు.

మాకు ట్రైనింగ్ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. మన ఒంట్లో ప్రతి క్షణం ఫ్రీ రాడికల్స్ అనేవి పుడుతుంటాయట. ఇనుముకు తుప్పు పట్టించినట్టు అవి ఒంటిని లోపల్నుంచి పాడు చేస్తాయట. వాటిని అడ్డుకోవడానికి ఒంట్లోనే ఒక కాపలా ఉంటుందట, దాని పేరు యాంటీ ఆక్సిడెంట్ డిఫెన్స్. వయసు మీదపడ్డా, పొగ తాగినా, ఎండలో కష్టపడ్డా ఆ కాపలా సన్నగిల్లుతుందట. చేపనూనె వేసుకుంటే మళ్ళీ బలం పుంజుకుంటుందట. ఇప్పుడు ఇన్ని 'అట'లు పెడుతున్నాను గానీ, అప్పుడు ఒక్క 'అట' కూడా లేకుండా నమ్మాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు ఉద్యోగం వస్తే మే నెలలో టై కట్టుకున్నాను.

గోలీలు మాత్రం అమ్ముడుపోలేదు. ఖమ్మంలో నా కంటే ముందే నాలాంటి టైలు తిరిగాయి. మధిరలో ఒక పెద్దావిడ, చేపలు తినేవాళ్ళకి చేపనూనె ఎందుకు నాయనా అని మజ్జిగిచ్చి సాగనంపింది. జూలూరుపాడులో పత్తి రైతులు, ఇది పురుగుకు కూడా పనిచేస్తుందా అని అడిగారు. డబ్బాలన్నీ నా బండికి కట్టిన సంచుల్లోనే నాతోపాటు ఎండలో ఊరేగాయి. చల్లని చోట ఉంచవలెను అని వాటి మీద రాసే ఉంది. మే నెలలో మా జిల్లాలో ఆ చోటు ఎక్కడుందో రాయలేదు.

అప్పుడు మా అక్క గుర్తొచ్చింది. భద్రాచలం దాటి అడవిలోకి పోతే ఇప్పలగూడెం అని ఒక కోయ పల్లె. మా బావ అక్కడి బళ్ళో టీచరు. అక్కా, వాళ్ళ పసిపిల్లా ఆయనతోపాటు అక్కడే ఉండేవాళ్ళు. టైలు తిరగని ఊరు కదా, నా సరుకు పోతుందని బండెక్కాను.

నన్ను చూసి అక్క సంబరపడింది. బావ నా మెడలోని టై చూసి భయపడ్డాడు. చేతులు కడుక్కునే చోటికి పిలిచి మెల్లగా ఊరి కట్టుబాటు చెప్పాడు.

"చూడు ఉపేందర్, ఈ ఊరికి లోపలోళ్ళు వస్తరు, బయటోళ్ళు వస్తరు. నేను ఇద్దరికీ నమస్తే పెడ్త. అంతకుమించి నాకు తెలుగు రాదనుకో. నువ్వు గూడ గట్లనే ఉండు."

లోపలివాళ్ళంటే తుపాకులతో అడవిలో తిరిగేవాళ్ళు. బయటివాళ్ళంటే రోడ్డు మీద క్యాంపు వేసుకుని ఉన్న పోలీసులు. ఒకరి మనిషని ఇంకొకరికి అనుమానం వచ్చిందంటే ఇక ఆ ఊళ్ళో బతుకు సాగదు. బావ అన్నేళ్ళుగా ఎవరి మనిషీ కాకుండా, నోరు కట్టుకుని, పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఆయన ఉద్యోగం, అక్క కాపురం, ఆ పసిదాని పాలు అన్నీ ఎవరి మనిషీ కాడన్న ఆ ఒక్క పేరు మీదే నడుస్తున్నాయి. నాకు ఇదంతా అర్థమైంది. అర్థమైందని తలూపాను కూడా.

"ఏం మాట్లాడ్తవ్ వాళ్ళతోని?" అని మళ్ళీ అడిగాడు.

"ఆరోగ్యం గురించి బావా."

"ఆరోగ్యమే గద?"

"ఆరోగ్యమే."

పాపం, ఒప్పుకున్నాడు.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ఊరివాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, పొద్దెక్కేసరికి బడి వరండా నీడలో కూర్చుని కట్టలు కడుతుంటారు. వేసవి సెలవులు కనుక బడి ఖాళీయే. ఎవర్నీ పిలవక్కర లేకుండా సభ సిద్ధంగా ఉంది. నేను టై బిగించి నిలబడ్డాను. ఊరి పెద్ద లక్ష్మయ్యకు తెలుగు బాగా వచ్చు. నేను చెప్పింది కోయలోకి మార్చి ముసలివాళ్ళకు చెప్పే పని ఆయన తీసుకున్నాడు. బావ తాగడానికి నీళ్ళు తెస్తానని ఇంట్లోకి వెళ్ళాడు. ఆ నీళ్ళు ఎవరూ తాగలేదు.

"పెద్దలందరికి దండం" అని మొదలుపెట్టాను. "మీకెవ్వరికి తెల్వదు గానీ, మీ అందరి దగ్గర రాడికల్స్ ఉన్నయి."

కట్టలు కట్టే చేతులు ఆగిపోయాయి. నా ఇంగ్లీషు దెబ్బకు ఆగాయనుకున్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అడవిలో ఉన్నవాళ్ళను మా నాన్న తరంవాళ్ళు రాడికల్స్ అనేవాళ్ళు. మా తరానికి వచ్చేసరికి అన్నలు అనడం అలవాటైంది. ఆ పాత మాట ఎప్పుడో మూలపడిందనుకుని నేను మర్చేపోయాను. ట్రైనింగులో విన్నప్పుడు కూడా అది కెమిస్ట్రీ మాటగానే వినబడింది. ఇప్పలగూడెంలో కెమిస్ట్రీ ఎవరూ చదవలేదు.

లక్ష్మయ్య చేతిలో ఆకుకట్ట కింద పెట్టాడు. "మా ఊళ్ళె ఎవరు లేరు సారూ."

"మీకు కనపడయి పెద్దాయనా. లోపల్నే తిరుగుతుంటయి."

"లోపల ఎవరున్నరో మాకేం ఎర్క. మేం ఎవర్ని చూళ్ళే."

నేను 'ఉన్నయి' అంటే ఆయన 'ఉన్నరు' అంటున్నాడు. పాపం, కోయ మాట్లాడేవాడు కదా, తెలుగు వ్యాకరణంలో తడబడుతున్నాడని జాలిపడ్డాను. తడబడింది ఎవరో మీకు తెలిసిపోయింది. నాకు తెలియడానికి ఇంకా గంట పట్టింది.

"చూడకపోతే లేనట్టు గాదు. అవి ఎట్ల బతుకుతున్నయి? మనం తినే తిండి మీదనే. మనమే పెట్టి మేపుతున్నం."

"మేం అన్నం పెట్టలే సారూ" అన్నాడు లక్ష్మయ్య గబగబా. వెనకనుంచి ఒక ముసలమ్మ కోయలో ఏదో అంటే దాన్ని కూడా తెలుగులోకి మార్చాడు. "అడిగినా పెట్టలే అంటుంది."

అడగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అయినా ప్రశ్నలు వస్తున్నాయంటే ఉపన్యాసం పండిందన్నమాట అని హైదరాబాదు ఆయన చెప్పి ఉన్నాడు. నాకు ఇంకా ఊపొచ్చింది. ఒకటి చేరిందంటే పక్కదాన్ని తనలాగే మారుస్తుందని, అది ఇంకోదాన్ని మారుస్తుందని, మొదట్లోనే ఏరిపారెయ్యకపోతే మొత్తం పాడు చేస్తాయని చెప్పాను. పిల్లను ఎత్తుకున్న ఒకామె లేచి వెళ్ళిపోయింది. పిల్లకు పాల వేళయిందనుకున్నాను.

"మమ్ముల ఏం జెయ్యమంటవ్ సారూ?" లక్ష్మయ్య గొంతు సన్నబడింది.

"మీరేం భయపడకుండ్రి. మన డిఫెన్స్ ఉంటది. దానికి బలం తక్కువైందని తెలిసే నేనొచ్చిన. పొద్దుగాల ఒక గోలీ, మాపటికి ఒక గోలీ. అంతే, ఖతం."

లక్ష్మయ్య ఈ ముక్కను వెంటనే కోయలోకి మార్చలేదు. "ఎవరికి సారూ గోలీలు?"

"అందరికి. ముసలోళ్ళకైతే రెండు."

ఆయన ఆ మాట మార్చి చెప్పాడు. దవాఖానా గోలీ అని చెప్పలేదు. అంతవరకూ విన్నదాన్ని బట్టి ఆయనకు తోచిన గోలీనే చెప్పాడు.

"ఉండుండ్రి, బండి నిండ తెచ్చిన, చూపెడ్త" అని నేను వెనక్కి తిరిగి సంచి విప్పాను. డబ్బా పట్టుకుని ఇటు తిరిగేసరికి వరండాలో తునికాకు ఉంది, మేక ఉంది, మనిషి లేడు. కోళ్ళను కూడా తీసుకుపోయారు.

బావ చెంబుతో వచ్చాడు. ఖాళీ వరండా చూశాడు, నన్ను చూశాడు.

"ఏమన్నవ్?"

చెప్పాను. మొదట ఏ మాట అన్నానో, తర్వాత ఏమిస్తానన్నానో అడిగి మళ్ళీ చెప్పించుకున్నాడు. చెంబు కింద పెట్టి తనూ అక్కడే కూలబడ్డాడు. "ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టినోడు ఈ అడవిల ఎటు దిక్కు పోయినా బతకడు ఉపేందర్" అన్నాడు. అక్క గడపలో నిలబడి వింటోంది. పసిదాన్ని గట్టిగా గుండెకు హత్తుకుంది. అప్పుడు నాకు భయం వేసింది. నా కోసం కాదు. నేను బండెక్కి తిరుమలాయపాలెం పోతాను, వాళ్ళు ఎక్కడికి పోతారు?

అడవిలో మాటకు రోడ్డు అక్కర్లేదు. అన్నం తింటుండగానే జీపు వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగి, గోలీల మనిషి ఎవరని అడిగారు. చదువుకున్న బుద్ధి ఎక్కడికి పోతుంది, నేనే సార్ అని లేచాను. ఎక్కడున్నాయంటే బండి సంచిలో ఉన్నాయన్నాను. వాళ్ళు నా బండికి దూరంగా జరిగి, పొడుగాటి వెదురుకర్ర ఒకటి వెతికి తెచ్చి, దానితో సంచి మూత లేపారు. ప్లాస్టిక్ డబ్బాలు కనిపించాక వాళ్ళ అనుమానం తగ్గకపోగా పెరిగింది. డబ్బాలనూ నన్నూ బావనూ జీపెక్కించారు. పెనం మీదనుంచి పొయ్యిలో పడటం అందరికీ తెలుసు. నేను పక్కవాళ్ళను కూడా పట్టుకుని మరీ పడ్డాను.

క్యాంపులో ఎస్సై గారు సిగరెట్ కాలుస్తూ కూర్చున్నారు. ముందు బావను చూసి ఆశ్చర్యపోయారు, మాస్టారూ మీరేంది ఇట్ల అన్నారు. బావ తలొంచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వు రాడికల్‌వా?"

"నేను గాదు సార్. నా లోపల ఉన్నయి."

ఎస్సై గారి చేతిలో సిగరెట్ ఆగింది. నేను ఆయనకు సంగతి విడమరిచి చెబితే చిక్కు విడిపోతుందనుకున్నాను.

"మీ లోపల గూడ ఉన్నయి సార్. ఈ కానిస్టేబుల్ సార్ల ఉన్నయి. మీరు సిగరెట్ తాగుతరు గాబట్టి అందరికంటె మీలనే ఎక్కువుంటయి."

బావ నా కాలు తొక్కాడు. ఆలస్యంగా తొక్కాడు. కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తర్వాత ఎస్సై గారి ముఖం చూశారు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఈలోగా పక్కగదిలో వైర్లెస్ సెట్టు మీద పై ఆఫీసరు వివరాలు అడుగుతున్నట్టున్నాడు. అక్కడున్న కానిస్టేబుల్, ఫ్రీ రాడికల్స్ అంటున్నడు సార్ అని చెప్పాడు. అటునుంచి గరగరమని వచ్చిన జవాబు మా అందరికీ వినబడింది.

"ఎవడు ఫ్రీ చేసిండు? ఎప్పుడు చేసిండు? కనుక్కో."

నేను చేతులు జోడించి మొదట్నుంచి చెప్పాను. అవి చేపనూనె మందులని, ఒంటికి తుప్పు పట్టనివ్వవని, అంతకుమించి నాకేమీ తెలియదని చెప్పాను. ఎస్సై గారు ఒక డబ్బా నా ముందుకు తోశారు.

"మందే అయితే తిను."

నిజం చెప్పాలంటే, అంత ప్రచారం చేసినవాణ్ణి అప్పటిదాకా ఒక్కటి కూడా మింగలేదు. మూత తీస్తే లోపల గోలీలు విడివిడిగా లేవు. ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుని బెల్లం గడ్డలా ముద్దకట్టాయి. ఒకటి పీకి నోట్లో వేసుకుంటే అది పళ్ళ మధ్య పగిలింది. ఆ వాసన ఎలా చెప్పను? ఎండలో మర్చిపోయిన చేపలబుట్ట గుర్తు తెచ్చుకోండి, బుట్ట మీ నోట్లో ఉందనుకోండి. ఎస్సై గారు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పోయారు. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి బయటికి నడిచింది.

ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది, చేపనూనె అంత తొందరగా చెడిపోయే నూనె ఇంకోటి అరుదట. గాలీ వేడీ తగిలితే ముక్కిపోతుందట. అది చెడిపోకుండా దానికి తోడుగా విటమిన్ ఇ కలుపుతారట. మనిషికి కాపలా కాస్తుందని నేను ఊరూరా చాటిన నూనెకు ముందు దానికే కాపలా కావాలి. నా బండి సంచిలో ఆ కాపలా కూడా చచ్చి చాలా రోజులైనట్టుంది.

"మందు గిట్ల కంపు కొడ్తదా?" ఎస్సై గారి గొంతు మారింది. "ఊరోళ్ళకు విషం పంచనీకె వచ్చినవా? ఎవరు పంపిండ్రు నిన్ను? మాస్టారూ, మీ ఇంట్ల పెట్టుకుని ఏం నడుపుతున్నరు మీరు?"

అన్నేళ్ళు దాచుకున్న మంచిపేరు నా వల్ల ఒక పూటలో పోయింది. ముక్కిపోయిన చేప నోట్లో పెట్టుకుని నేను ఏడ్చాను. వాసనకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

అప్పుడు గుమ్మం బయట ఎవరో దగ్గారు. చూస్తే లక్ష్మయ్య. మధ్యాహ్నపు ఎండలో ఊరి నుంచి నడిచి వచ్చి, ఒంట్లో తుప్పు గురించి నేను చెప్పిందంతా బయటినుంచి విన్నట్టున్నాడు. ఆయన పోలీసు క్యాంపు మెట్లు ఎక్కిన సంగతి సాయంత్రానికి అడవిలో తెలుస్తుంది, ఎందుకు పోయావని రేపు అటువాళ్ళు అడుగుతారు. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా వచ్చాడు. నేను భయపెట్టి అడవిలోకి తరిమిన మనిషే, మా బావ కోసం వచ్చాడు.

"సార్, ఈ పిలగాడు మా పంతులు బామ్మర్ది" అన్నాడు. "ఎవ్వరి మనిషి గాదు."

"నీకెట్ల తెలుసు?"

"ఎవరి మనిషైనా నోరు మూసుకుంటడు సార్. గోలీలు తెచ్చినోడు తెచ్చిన అని చెప్తడా? బండిల ఉన్నయి, చూపెడ్త అంటడా? అటోళ్ళు వీణ్ణి పెట్టుకోరు, మీరు గూడ పెట్టుకోరు. గంత తెలివి లేదు వీనికి."

ఎస్సై గారు నన్ను కింద నుంచి పై దాకా చూశారు. చెమటకు తడిసిన టై దగ్గర కాసేపు ఆగారు. ముందు కానిస్టేబుళ్ళు నవ్వారు, తర్వాత ఆయన నవ్వారు. చివరికి బావ కూడా నవ్వాడు. నా జన్మలో నాకు దొరికిన ఒకే ఒక్క సర్టిఫికెట్ అది, కెమిస్ట్రీ అవసరం లేకుండా వచ్చింది. డబ్బాలన్నీ క్యాంపు వెనక గొయ్యి తీసి పూడ్పించారు. మాస్టారూ, మీ మీద మాకేం లేదు, వీణ్ణి మాత్రం జల్దీ ఊరు దాటించండి అని పంపేశారు.

ముగ్గురం నడుచుకుంటూ ఊరిదారి పట్టాం. ఇప్పచెట్ల దగ్గరికి వచ్చాక లక్ష్మయ్య అటూ ఇటూ చూసి నా పక్కకు జరిగాడు.

"ఇంతకు సారూ, నిజంగనే ఉన్నరా మన ఒంట్ల వాళ్ళు?"

ట్రైనింగంతా నాలుక చివరికి వచ్చింది. బావ నడక ఆపి నా నోటి వంకే చూస్తున్నాడు.

"నాకేం ఎర్క పెద్దాయనా" అన్నాను. "నేను ఎవర్ని చూళ్ళే."

పొద్దుటినుంచి మొదటిసారి బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు నువ్వు ఇంకో పూట ఉండి పోవచ్చన్నాడు.

నేను ఉండలేదు. భద్రాచలం చేరి గోదావరిలో మూడు మునకలు వేసి, ఎవరూ చూడకుండా టై నీళ్ళలో వదిలి, తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేశాను. మనిషి ఒంటి లోపల ఏముందో ఈ జన్మలో ఎవరికీ చెప్పను. డాక్టరు నా పొట్ట నొక్కి లోపల ఎట్లా ఉందని అడిగినా చెప్పను. ఆయన రాసిచ్చిన మందు నోరు మూసుకుని మింగుతాను. దాన్ని బిళ్ళ అనే అంటాను.